చదివిందానికి మార్కులా, రాసిందానికి మార్కులా?

ఈసారి వచ్చిన ఉత్తరాలు, మెయిల్స్ చాలావరకు కాలేజీలో చదివించడం, రాయించడం గురించే. అడిగినవాళ్ళలో లెక్చరర్లున్నారు, స్టూడెంట్లున్నారు, ఒక తల్లి కూడా ఉన్నారు. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మిగతావాళ్ళు అడిగింది కూడా సగం అందులోనే ఉంది.

ప్రశ్న: నమస్తే మేడం. నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. మా పిల్లలకి సెమిస్టర్‌లో మార్కులు బానే వస్తాయి గానీ సిలబస్‌లో లేని ఒక పేరా ఇచ్చి దీని మీద నాలుగు వాక్యాలు రాయండి అంటే పెన్ను కదలదు. చదవడం, రాయడం కలిపి నేర్పాలి, పరీక్ష కూడా కలిపే పెట్టాలి అని ట్రైనింగ్‌లో చెప్పారు. వినడానికి బానే ఉంది గానీ కలిపి పెడితే మార్కులు తగ్గినప్పుడు పిల్లాడు అర్థం కాక తప్పాడా, రాయడం రాక తప్పాడా ఎలా తెలుస్తుంది? క్లాసులో అరవై మంది ఉన్నారు, అది కూడా చూసుకుని చెప్పండి. – ఒక లెక్చరర్, నల్గొండ జిల్లా

జవాబు: సార్, చాలామంది అడగని ప్రశ్న అడిగారు. కలిపి నేర్పండి అని చెప్పేవాళ్ళు బోలెడుమంది, కలిపి పెట్టిన పేపర్ ఎలా దిద్దాలో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ.

ముందు పెన్ను ఎందుకు కదలట్లేదో చూద్దాం. మన తెలుగు పేపర్లో చదవడం రాయడం కలిపిన ప్రశ్నలు కొత్తేం కాదు, ప్రతిపదార్థ తాత్పర్యాలు, సందర్భసహిత వ్యాఖ్యలు అవే కదా. పద్యం ఇచ్చి ఎవరు ఎవరితో ఎప్పుడన్నారు, ఏమన్నారు, ఎందుకన్నారు అని అడగడమంటే దగ్గరగా చదివి, చదివింది రాయమనే. ప్రశ్నలో లోపం లేదు. ఆ పద్యం సిలబస్‌లోదే, దానికి తాత్పర్యం గైడ్‌లో అచ్చేసి ఉంది, పిల్లలు పద్యం జోలికే పోకుండా గైడ్ బట్టీపట్టి గైడే రాస్తున్నారు, మనం గైడ్‌కే మార్కులేస్తున్నాం. ఏళ్ళ తరబడి ఇదే నడిచాక కొత్త పేరా చేతిలో పెట్టి రాయమంటే వాళ్ళకి ఆ పని ఎప్పుడూ చేసిన అలవాటే లేదు, పాపం ఎలా రాస్తారు. అందుకని మీరు మార్చాల్సింది ప్రశ్నని కాదు, అదే ప్రశ్నని ఎప్పుడూ చూడని పద్యం మీద అడగండి, కష్టమైన మాటలకి అర్థాలు కింద ఇచ్చేయండి.

ఇక దిద్దడం సంగతి. ఉదాహరణ పెట్టుకుని మాట్లాడుకుంటేనే తేలుతుంది. ఈ పేరా ఇచ్చారనుకోండి:

“ధవళేశ్వరం ఆనకట్ట కట్టకముందు గోదావరి పక్కనున్న ఊళ్ళలో కూడా కరువులొచ్చేవి. నది నిండా నీళ్ళుండేవి, అవి పొలాలకి ఎక్కేవి కావు. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట నదిలో నీటిమట్టం పెంచి నీళ్ళని కాలవల్లోకి మళ్ళించింది. డెల్టా పచ్చబడింది. మెట్ట ఊళ్ళు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం వానల మీద, చెరువుల మీదే బతికాయి.”

ప్రశ్న: ఆనకట్ట వల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరికి జరగలేదు, ఎందుకు? పేరా ఆధారంగా నాలుగైదు వాక్యాల్లో రాయండి.

ఒక పిల్ల ఇలా రాసింది అనుకుందాం: “కాటన్ దొర గోదావరి ప్రజల పాలిట అపర భగీరథుడు. ఆయన నిర్మించిన ఆనకట్ట వలన జిల్లా యావత్తూ అన్నపూర్ణగా మారింది. రైతుల కన్నులలో ఆనందం వెల్లివిరిసింది. ఆయన సేవలు చిరస్మరణీయం.”

ఇంకో పిల్లాడు ఇలా రాశాడు: “నీల్లు నదిల ఉన్నయి గాని పొలం పైకి ఉంది అందుకే కరువు వచ్చింది. ఆనకట్ట కట్టినంక నీల్లు లేచి కాల్వల పడ్డయి డెల్టా వాల్లకు మంచిగైంది. మెట్ట ఇంకా పైకి ఉంటది కావచ్చు అందుకే వాల్లకు రాలేదు.”

ఇప్పుడున్న పద్ధతిలో మొదటి పేపర్‌కి చెయ్యి దానంతటదే ఏడో ఎనిమిదో వేసేస్తుంది, రెండోదానికి ఎర్ర గీతలు పడతాయి, నాలుగు దాటదు. కానీ పేరా పక్కన పెట్టుకుని చూడండి. పేరాలో కాటన్ పేరే లేదు, ఆ అమ్మాయికి ముందే తెలిసిన సంగతి అది. జిల్లా యావత్తూ అంది, పేరా చివరి వాక్యం సరిగ్గా అది కాదనే చెప్తోంది. అంటే పేరా చదవలేదు, ఆనకట్ట అన్న మాట కనపడగానే హైస్కూల్లో నేర్చుకున్న వ్యాసం రాసేసింది. ఆ పిల్లాడు చూడండి, నీళ్ళున్నా కరువెందుకొచ్చిందో పట్టుకున్నాడు, మెట్ట ఎత్తులో ఉంటుందని పేరాలో ఎక్కడా చెప్పకపోయినా “ఎక్కేవి కావు” అన్న మాటనించి తనే లాగాడు, పైగా అది తన ఊహ అని తెలిసి కావచ్చు అని పెట్టాడు. డిగ్రీ స్థాయిలో చదవడం అంటే మనం కోరుకునేది ఇదే, ఆ పిల్లాడు ఆ పని చేసి చూపించాడు సార్, చూపిస్తే మనం ళ వత్తు దగ్గర ఆగిపోయాం.

అందుకని పదికి మార్కులేసేటప్పుడు ఒకే అంకె వేయకండి, మూడు ముక్కలు చేయండి. పేరా ఏం చెప్పిందో పట్టుకున్నందుకు 4, తను రాసిన మాటకి పేరాలోంచి ఆధారం చూపించినందుకు 3, రాసిన తీరుకి 3. పేపర్ మీద మూడూ విడివిడిగా కనపడాలి, కూడిక ఆఖర్న. అలా వేస్తే మొదటి పేపర్‌కి 0, 0, 3. రెండోదానికి 4, 2, 1. ఇప్పుడు మీకు ఎవరితో ఏం పని చేయించాలో తెలిసిపోయింది, ఆ అమ్మాయిని మళ్ళీ పేరా దగ్గర కూర్చోబెట్టాలి, ఈ అబ్బాయికి ల, ళ తేడా, వాక్యం ఎక్కడ ఆపాలో చెప్పాలి. ఇద్దరికీ ఉత్తినే ఒక ఐదు వేసి వదిలేస్తే ఇద్దరికీ ఏమీ తెలియదు, మీకూ తెలియదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. “ఉన్నయి”, “మంచిగైంది”, “కట్టినంక” తప్పులు కావు, వాళ్ళింట్లో మాట్లాడే తెలుగు. “నీల్లు” మాత్రం స్పెల్లింగ్ తప్పు. ఈ రెంటినీ ఒకే ఎర్ర పెన్నుతో కొట్టేస్తే పిల్లాడు తన భాషే తప్పనుకుని రాయడం మానేస్తాడు. మీరు నల్గొండలో చెప్తున్నారు కాబట్టి ఇది నాకంటే మీకే బాగా తెలుసు, అయినా యూనివర్సిటీ వాల్యుయేషన్‌కి వెళ్ళినప్పుడు పక్క టేబుల్ వాళ్ళకి కూడా చెప్పండి.

మరి రెండూ రానివాళ్ళ సంగతేంటంటారా, రెండు ముక్కలు రాసి వదిలేసిన పేపర్ దగ్గర మాత్రం మూడు గళ్ళు కూడా ఏమీ చెప్పవు. అలాంటివాళ్ళని పిలిచి పేరా చేతికిచ్చి ఇందులో ఏముందో నోటితో చెప్పమనండి, రెండు నిమిషాల పని. నోటితో చక్కగా చెప్పాడంటే చిక్కు రాతలో ఉంది, నోటితో కూడా చెప్పలేదంటే చదవడంలోనే ఉంది. అరవై మందినీ పిలవక్కర్లేదు, అలాంటి పేపర్లు క్లాసులో కొన్నే ఉంటాయి.

అరవై పేపర్లు దిద్దడం గురించి కూడా అడిగారు. అన్నిసార్లూ మూడు గళ్ళూ మీరే నింపక్కర్లేదు. పేరాలో వాక్యాలకి నంబర్లేసి ఇవ్వండి, పిల్లలు తాము రాసిన ప్రతి వాక్యం పక్కన మార్జిన్‌లో అది ఏ నంబరు వాక్యం నించి వచ్చిందో రాయాలి, సొంత అభిప్రాయమైతే “నాది” అని రాయాలి. నంబరూ లేక, నాదీ అని లేని వాక్యం కనపడిందంటే అది గైడ్‌లోంచి ఊడిపడిందే. ఈ చెకింగ్ పక్కనున్న పిల్లాడితో కూడా చేయించొచ్చు, అలా చేసేటప్పుడు వాడు కూడా పేరా మళ్ళీ ఒకసారి చదువుతాడు. మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారం అని చెప్తారు కదా, కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానం రాస్తూ ఆయన పెట్టుకున్న నియమం ఇదే: “నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే”. ఆధారం లేనిది ఒక్కటీ రాయను, అక్కర్లేనిది చెప్పను అని. మీ క్లాసు బోర్డు మీద ఓ మూల రాసిపెట్టండి, ఎక్కడో విదేశీ పద్ధతి తెచ్చి మా నెత్తిన రుద్దుతున్నారు అని పిల్లలకీ అనిపించదు, మీ తోటి లెక్చరర్లకీ అనిపించదు.

ప్రశ్న: మేడం, నేను బీకాం సెకండియర్. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు అంతా ఇంగ్లిష్. టెక్స్ట్‌బుక్ చదువుతుంటే అర్థమైనట్టే ఉంటుంది, పుస్తకం మూసి రాద్దామంటే ఒక్క లైను రాదు. అందుకే గైడ్ బట్టీ కొడుతున్నా. నా ఇంగ్లిష్ బాగుపడాలంటే ముందు గ్రామర్ నేర్చుకోవాలా? – ఒక స్టూడెంట్, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, ఈ బాధ నీ ఒక్కదానిదే కాదు. 2021-22 నించి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియం చేశారు, తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లలు ఎంతోమంది నీలాగే తంటాలు పడుతున్నారు. గ్రామర్ పుస్తకంతో మొదలుపెట్టకు. చదివేటప్పుడు అర్థమైనట్టే ఉంటుంది అన్నావు చూడు, అర్థమైందో లేదో తేల్చేది రాయడమే, అందుకే చదవడం అంతా అయిపోయాక రాద్దాంలే అని కూర్చోకుండా చదువుతూనే రాయి.

నీ సబ్జెక్టులోంచే చెప్తా. డిప్రిసియేషన్ గురించి ఒక పేరా చదివావు. పుస్తకం మూసి ముందు తెలుగులోనే రాయి, నీ మాటల్లోనే: మెషిన్ కొన్న డబ్బంతా మొదటి ఏడే ఖర్చు కింద చూపించకుండా అది పనిచేసే అన్నేళ్ళకీ పంచి ప్రతి ఏడాదీ కొంత ఖర్చు రాస్తారు, ఆ ఏడాది చేతిలోంచి డబ్బు మాత్రం ఏమీ పోదు. బావుంది. ఇప్పుడు ఒక లెక్క వేసుకో, మెషిన్ లక్ష రూపాయలు, తొమ్మిదేళ్ళు పనిచేస్తుంది, తర్వాత పాత ఇనుముకి అమ్మితే పదివేలొస్తాయి. నువ్వు రాసుకున్నదాన్ని బట్టి చేస్తే లక్షని తొమ్మిదితో భాగిస్తావు, 11,111 వస్తుంది. పుస్తకం తెరిచి చూస్తే జవాబు 10,000 ఉంటుంది. ఎందుకూ, స్క్రాప్ వాల్యూ తీసేసి పంచాలి అన్న వాక్యం నీ కళ్ళ ముందునించే వెళ్ళింది గానీ బుర్రలోకి వెళ్ళలేదు. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత పెట్టు, నీ తెలుగు నోట్‌లో ఆ ముక్క చేర్చు, అప్పుడు మాత్రమే ఇంగ్లిష్‌లో మూడు చిన్న వాక్యాలు రాయి. పుస్తకంలో వాక్యం ఎంత పొడుగున్నా సరే నీవి చిన్నవే ఉండాలి, టెక్నికల్ మాటలు మాత్రం పుస్తకంలోవే వాడు, వాటిని మార్చకు.

తెలుగులో నోట్స్ రాసుకుంటే ఇంగ్లిష్ రాదని ఎవరైనా భయపెడితే వినకు. అర్థం చేసుకోవడానికి ఏ భాష చేతిలో ఉంటే ఆ భాష వాడుకోవాలి, ఆఖరికి పేపర్ మీద పెట్టేది ఇంగ్లిష్ అయితే చాలు. రోజుకొక పేరా చెయ్యి, రెండు మూడు పేరాలు వద్దు, చేసినవాటిని వారం తర్వాత ఒకసారి చూడకుండా మళ్ళీ రాసి చూసుకో. గ్రామర్ తప్పులొస్తాయి, వాటిలో మళ్ళీ మళ్ళీ వచ్చే రెండు మూడు తప్పులు ఏంటో మీ ఇంగ్లిష్ మేడంని అడిగి అవే సరిచేసుకో, మిగతావి మెల్లిగా పోతాయి.

ప్రశ్న: ఇంటర్నల్స్‌కి అసైన్‌మెంట్ ఇస్తే అందరూ ఏఐతో రాయించి తెస్తున్నారు. చదవడం లేదు, రాయడం లేదు. ఏం చేయాలి? – ఇంగ్లిష్ లెక్చరర్, కాకినాడ

జవాబు: ఇంటికిచ్చిన రాతకి మార్కులు ఆపేయండి మేడం, ఇంటికి చదవడం మాత్రమే ఇవ్వండి. రెండు పేజీల వ్యాసం ప్రింట్ తీసిచ్చి, దాని మీదే గీతలు పెట్టి మార్జిన్‌లో ప్రశ్నలు, అనుమానాలు చేత్తో రాసి తీసుకురమ్మనండి. క్లాసులో ఆ ప్రింట్ ముందు పెట్టుకునే ఇరవై నిమిషాల్లో ఒక పేజీ రాయమనండి, ఫోన్లు బ్యాగుల్లో. ఆ గీతలు పెట్టిన ప్రింట్ కూడా జవాబుకి పిన్ చేసి ఇవ్వాలి, దానికీ మార్కులుండాలి. మార్జిన్ ఖాళీగా ఉన్నవాళ్ళ జవాబు ఎలా ఉంటుందో, నిండుగా ఉన్నవాళ్ళ జవాబు ఎలా ఉంటుందో రెండు వారాల్లో పిల్లలకే తెలిసిపోతుంది. ప్రశ్న కూడా వ్యాసం సారాంశం రాయండి అని కాకుండా, రచయిత మూడో పేరాలో చెప్పినదానికి మీ ఊళ్ళో మీరు చూసింది సరిపోతుందా లేదా అన్నట్టు అడగండి. మంచి పిల్లలని కూడా దొంగల్లా చూసే చెకింగ్ సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్ళకండి, వాటి మాట పట్టుకుని ఒక పిల్లని నిలదీస్తే ఆ పిల్ల తర్వాత మీకు ఏదీ మనసుపెట్టి రాయదు.

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం అండీ. మా బాబు ఇంటర్ అక్కడే చదివి ఇక్కడికొచ్చి కమ్యూనిటీ కాలేజీలో చేరుతున్నాడు. ఎంట్రెన్స్‌లాంటి టెస్ట్ ఒకటి పెట్టారు, ఇంగ్లిష్‌లో ఆబ్జెక్టివ్‌కి 948 వచ్చింది, ఎస్సేకి 4 వచ్చింది, అయినా రెడీ కాదన్నారు. వాడికి గ్రామర్ తప్పులే రావు, ఎందుకిలా? – ఒక అమ్మ, టెక్సస్

జవాబు: అమ్మా, మీవాడు రాసింది టీఎస్ఐఏ2 అయ్యుంటుంది, పిల్లలు కాలేజీ చదువుకి సిద్ధంగా ఉన్నారో లేదో చూడ్డానికి టెక్సస్‌లో పెట్టే పరీక్ష అది. ఇదివరకు టెక్సస్‌లో రీడింగ్‌కి వేరే, రైటింగ్‌కి వేరే పరీక్ష ఉండేది, 2021 జనవరిలో ఈ కొత్తది వచ్చినప్పుడు రెండూ కలిపి ఒకటే చేశారు. ఆబ్జెక్టివ్‌లో 945 వస్తే చాలు, కానీ దానితోపాటు ఎస్సేలో ఎనిమిదికి కనీసం 5 కూడా రావాలి. బాబు ఒక్క మార్కు దగ్గర ఆగాడు, కంగారుపడకండి.

గ్రామర్ తప్పుల్లేకపోయినా 4 ఎందుకంటే, ఆ ఎస్సేని ఆరు విషయాల్లో చూస్తారు. తప్పులు లేకుండా రాయడం ఒకటి, వాక్యాల తీరు ఒకటి, మిగతా నాలుగూ చెప్పదలచుకున్నది సూటిగా చెప్పాడా, వరసగా చెప్పాడా, కారణాలు ఉదాహరణలు ఇచ్చాడా, అవతలి వాదన గురించి ఆలోచించాడా అన్నవే. మన కాలేజీల్లోంచి వెళ్ళిన పిల్లలు మొదటి రెంటి మీదే కష్టపడతారు, ఎందుకంటే ఇక్కడ ఎర్ర పెన్ను వాటికే పడుతుంది. ఎస్సేకి ముందు ఒక చిన్న పేరా ఇస్తారు కదా, మీవాడు దాన్ని గబగబా దాటేసి ప్రశ్న చూసి రాసి ఉంటాడు. ఈసారి ముందు ఆ పేరాలో ఉన్న వాదన ఏంటో ఒక లైన్లో రాసుకోమనండి, దానికి ఒప్పుకోని మనిషి ఏమంటాడో ఇంకో లైను, అప్పుడు మొదలుపెట్టమనండి. మూడొందల నించి ఆరొందల మాటలు రాయాలి, టైమ్ లిమిట్ లేదు కాబట్టి తొందరపడక్కర్లేదు.

మళ్ళీ రాసే వీలుంటుంది, కాలేజీలో టెస్టింగ్ సెంటర్‌ని అడగండి. అది కుదరకపోయినా నష్టం లేదు, 2017లో అక్కడ చేసిన చట్టం ప్రకారం ఇలాంటి పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి సెమిస్టర్ వృథా చేయకుండా రెగ్యులర్ ఇంగ్లిష్ కోర్సులోనే చేర్చుకుని పక్కనే ఒక సపోర్ట్ క్లాసు ఇస్తున్నారు. ఆ సపోర్ట్ క్లాసులో చదవడం, రాయడం కలిపే చెప్తారు. నన్నడిగితే బాబు దాన్ని చిన్నతనంగా అనుకోకుండా తీసుకోవడమే మంచిది, మొదటి సెమిస్టర్‌లో హిస్టరీ పేపర్లు, సైకాలజీ పేపర్లు రాయాల్సొచ్చినప్పుడు అదే ఆదుకుంటుంది.

ప్రశ్న: సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నా మేడం. కంపల్సరీ తెలుగు పేపర్లో ప్రెసీ ఎలా ప్రాక్టీస్ చేయాలి? క్వాలిఫైయింగే కదా అని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. – అశోక్‌నగర్, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, ఆ పేపర్ 300కి, 25 శాతం వస్తే చాలు, కానీ అది రాకపోతే మిగతా పేపర్లలో నీ మార్కులు చూడనే చూడరు. అందులో 60 కాంప్రహెన్షన్‌కి, 60 ప్రెసీకి, అంటే 120 మార్కులు చదివి రాయడం మీదే ఉన్నాయి. ప్రెసీ అంటే ఇచ్చినదాన్ని మూడో వంతుకి కుదించడం, నీ మాటల్లో, నీ అభిప్రాయం కలపకుండా. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే అక్కడో వాక్యం ఇక్కడో వాక్యం ఏరి అతికించడం, అప్పుడు వాక్యాలుంటాయి గానీ వాటి మధ్య ఉన్న “అందువల్ల”, “అయినప్పటికీ” పోతాయి, వాదన విరిగిపోతుంది. అందుకని ముందు ప్రతి పేరా పక్కన అది ఏం పని చేస్తోందో రాసుకో, కారణం చెప్తోందా, ఉదాహరణ ఇస్తోందా, ముందు చెప్పినదాన్ని కాదంటోందా అని. ఉదాహరణలు తీసేయి, కారణాలు, మలుపులు ఉంచు, తర్వాత అసలు పేజీ బోర్లించి రాయి. ప్రాక్టీస్‌కి ఇంగ్లిష్ ఎడిటోరియల్స్ వద్దు, తెలుగు పేపర్ సంపాదకీయం తీసుకో, ఎందుకంటే నీకు కావాల్సిన మాటలు అందులోనే దొరుకుతాయి. చేత్తోనే రాయి, తెలుగులో చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో నీకే తెలుసు, పరీక్షలో టైమ్ అక్కడే పోతుంది.